తంతి స్తంభముల గాజు టోపీలు

మన చదువరులలో పెద్దవారిని ఎవరిని అడిగినను, తాము బాల్యమున రైలుబండి కిటికీ యొద్ద కూర్చుండి తంతి స్తంభములను లెక్కించితిమని చెప్పుదురు. స్తంభము తలమీద అడ్డకమ్ములు, వానిపై వరుసగా తెల్లని పింగాణీ గిన్నెలు, ఒక్కొక్క గిన్నె మెడకు కట్టబడిన తీగ, ఆ తీగపై బారులు దీరిన పిట్టలు: ఇది ఆనాటి దృశ్యము. ఆ గిన్నెలకు ఇన్సులేటరులని పేరు. మన దేశపు తంతి మార్గములలో నవి యెక్కువగా పింగాణీవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను కెనడాలోను మాత్రము కోట్లకొలది ఇన్సులేటరులు గాజుతోనే పోయబడినవి. బోర్లించిన గిన్నెవలె నుండి అరచేతిలో ఇమిడిపోవు ఆ గాజు టోపీలను గూర్చి ఈ వ్యాసమున వ్రాయదలచినాము.

కాలము మారినది, వార్తలు వేరు త్రోవలు పట్టినవి. అమెరికాలో వెస్టరన్ యూనియన్ సంస్థ 2006 జనవరి 27వ తేదీతో టెలిగ్రాముల పనిని చాలించెను. మన దేశమున 2013 జూలై 15వ తేదీ నుండి తంతి వార్తలు నిలిచిపోయినవి. స్తంభములు పడగొట్టబడినను గాజు టోపీలు నశింపలేదు. అవి యిప్పుడు అమెరికాలోని పాతసామానుల అంగళ్లలోను, సంతలలోను, ఇండ్ల ముంగిళ్ల అమ్మకములలోను బల్లలపై కూర్చుండియున్నవి. వానిని వెదకి, ఎన్నుకొని, కిటికీలలో వరుసగా నిలిపి సంతసించువారు అక్కడ ననేకులు కలరు.

ఈ సంగతి మన కేల యని కొందరడుగవచ్చును. మన విద్యార్థులలో పలువురి అన్నలు, అక్కలు, పినతండ్రులు నేడు ఆ దేశమున కాపురమున్నారు. వేసవిలో తలిదండ్రులు బిడ్డలను చూడబోయి, శనివారము ప్రొద్దుట ఇంటి ముంగిటి అమ్మకములకు షికారు పోవుట సామాన్యమైనది. అట్టి చోట్ల ఈ గాజు వస్తువు తప్పక కంటబడును. అది యేమో తెలియక కాగితములపై బరువుగా పెట్టు రాయి యనుకొని విడిచి వచ్చినవారు కలరు. దుకాణదారుని మాట నమ్మి పదింతలు ధనమిచ్చి కొన్నవారును కలరు. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. ఈ చిన్న వస్తువు తన్ను గూర్చి తానే సాక్ష్యము పలుకును. ఆ సాక్ష్యమును చదువ నేర్చినవాడు ఒకరిచే మోసపోడు. అట్లు నేర్చినవాడు తా నొకరిని మోసగింపకుండుట రెండవ పాఠము. ఈ రెంటిని చెప్పుటయే మా యుద్దేశము.

మొదట ఈ వస్తువు చేయు పనిని తెలిసికొందము. తీగలో ప్రవహించు విద్యుత్తు భూమిలోనికి దిగిపోవుటకు ఎల్లప్పుడు త్రోవ వెదకుచుండును. ఎండిన కొయ్య దానిని కొంతవరకు అడ్డగించును గాని వర్షమున తడిసిన కొయ్య అడ్డగింపజాలదు. తీగను నేరుగా స్తంభమునకు కట్టినచో ప్రతి స్తంభము వద్దను కొంత విద్యుత్తు కారిపోయి, దూరపు ఊరికి వార్త చేరునప్పటికి బలహీనమగును. గాజు అధమవాహకము గనుక తీగకును కొయ్యకును నడుమ దానిని నిలిపిరి. అయితే గాజుపై పరచుకొన్న నీటిపొర గుండ కూడ విద్యుత్తు జారిపోవును. అందుచేతనే దానికి బోర్లించిన గిన్నె యాకారము నిచ్చిరి. వాన పైభాగమును తడిపినను గిన్నె లోపలి భాగము పొడిగా నుండును. కొన్నింటికి గిన్నె లోపల మరియొక గిన్నె కూడ కలదు. దానిచే విద్యుత్తు నడువవలసిన త్రోవ పొడవై, కారుట తగ్గును. గొడుగు క్రింద గొడుగు పట్టినట్లని మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవచ్చును.

ఈ యుపాయము ఒకనాటిలో కుదిరినది కాదు. వాషింగ్టను నుండి బాల్టిమోరు వరకు తంతి వేయుటకు సామ్యూల్ మోర్స్ పూనుకొనినప్పుడు 1843లో తీగలను గొట్టములో పెట్టి భూమిలో పాతిపెట్టజూచిరి. తీగల పైపొర చెడియుండుటచే ఆ ప్రయత్నము విఫలమయ్యెను. అప్పుడు స్తంభములెత్తి తీగలను వానిపై కట్టిరి. 1844 మే 24వ తేదీన మొదటి వార్త నడిచెను. ఆ పనిలో మోర్స్‌కు తోడ్పడిన ఎజ్రా కోర్నెల్ తరువాత తంతి వ్యాపారమున ధనము గడించి, తన పేరిటి విశ్వవిద్యాలయమునకు కారకుడయ్యెను. మన దేశమునను ఇంచుమించు ఆ కాలముననే, 1850-51 సంవత్సరములలో, వైద్యుడును రసాయనశాస్త్ర బోధకుడునైన ఓషానెస్సీ దొర కలకత్తా నుండి డైమండ్ హార్బరునకు తంతి వేయించెను.

తొలినాటి అమెరికా గాజు టోపీలకు లోపల మరచుట్లు లేవు. నున్నని రంధ్రమును కొయ్యమేకుపై బిగించెడివారు. మార్గము లోయలోనికి దిగి మరల నెక్కు చోట తీగ బిగువు టోపీని పైకి లాగును. అప్పుడు అది ఊడివచ్చును. 1865 జూలై 25వ తేదీన న్యూయార్కు వడ్రంగి లూయీ కోవే అనునతడు రంధ్రము లోపల మరచుట్లు పోయు పద్ధతికి పేటెంటు పొందెను. అది మొదలు మరమేకుపై టోపీని త్రిప్పి బిగించుట వాడుక యయ్యెను. కనుక నేడు అంగడిలో టోపీని చేతబట్టినవాడు మొట్టమొదట దానిని బోర్లించి లోపల వ్రేలు పెట్టి చూడవలెను. చుట్లు తగిలినచో అది 1865కు తరువాతి జాతి. చుట్లు లేక నున్నగా నుండి, నిజముగా ప్రాతదైనచో, అది అరుదైన వస్తువు. సేకరించువారు దానికి వేల డాలర్లు కూడ నిచ్చెదరు.

కోవే పేటెంటును ఆధారము చేసికొని పెరిగిన కర్మాగారములలో న్యూయార్కుకు చెందిన బ్రూక్‌ఫీల్డు మొదట పేరుగాంచినది. దాని గాజుపై సంస్థ పేరేగాక కార్యాలయపు వీధి పేరు కూడ ఉబ్బెత్తుగా నుండును. ఫుల్టన్ వీధి 55, ఫుల్టన్ వీధి 83, క్లిఫ్ వీధి 45 అను మూడు విలాసములు కానవచ్చును. కార్యాలయము మారినప్పుడెల్ల అచ్చులోని విలాసమును మార్చిరి గనుక, ఆ యక్షరములే వయస్సును తెలుపు గుర్తులైనవి. జాబుపై విలాసమును చూచి అది వ్రాయబడిన కాలమును ఊహించినట్లు ఇక్కడ గాజును చదువవలెను.

రెండవ గొప్ప పేరు హెమింగ్రే. ఆ గాజు వ్యాపారము 1848లో ఒహాయో రాష్ట్రపు సిన్సినాటిలో మొదలై, నది దాటి కెంటకీలోని కోవింగ్టనుకు పోయి, 1888లో ఇండియానా రాష్ట్రపు మన్సీ పట్టణము చేరెను. ఆ ప్రాంతమున భూమినుండి సహజవాయువు లభించుటచే కొలుములకు అగ్గువగా నిప్పు దొరకెను. ఆ కారణముననే పలు గాజు కర్మాగారములు అటు తరలినవి. 1933లో ఓవెన్స్-ఇల్లినాయి సంస్థ హెమింగ్రేను కొనెను. అయినను హెమింగ్రే పేరు గాజుపై నిలిచియే యుండెను. వీరి టోపీల అంచున క్రిందివైపుగా చిన్న చిన్న బొడిపెలు వరుసగా నుండును. వాననీరు అంచు చుట్టును పొరవలె నిలువక ఆ మొనల వద్ద చుక్కలుగా జారిపోవలెనని వాని యుద్దేశము. ఆ బొడిపెలకు 1893 మే 2వ తేదీన పేటెంటు లభించెను.

ఇక్కడ అంగళ్లలో నిత్యము జరుగు పొరపాటు నొకటి చూపెదము. హెమింగ్రే గాజుపై "పేటెంట్ మే 2 1893" అని యుండుటచే దుకాణదారుడు చీటీపై "1893 నాటిది" అని వ్రాసి ధర పెంచును. అందు కపటముండకపోవచ్చును, అతడు చదివిన దంతే. గాజుపై నున్నది హక్కు పొందిన తేదీ గాని పోతపోసిన తేదీ కాదు. అదే తేదీ గల అచ్చులతో పిమ్మట అనేక సంవత్సరములు పోత సాగినది. "ఈ తేదీకి ముందుది కాదు" అనుటకు మాత్రమే ఆ యక్షరములు సాక్ష్యము.

నిజమైన సంవత్సరము తెలిసికొనదగిన గాజులు కూడ కలవు. 1933కు తరువాతి హెమింగ్రేలలో పెక్కింటిపై అడ్డుగీత నడుమ నుంచి రెండు సంఖ్యలు, వాని ప్రక్క కొన్ని చుక్కలు ఉండును. మొదటి సంఖ్య అచ్చుది, రెండవది సంవత్సరము, ఒక్కొక్క చుక్క పైన ఒక్కొక్క యేడు. ఉదాహరణమునకు 3-45 అని యుండి మూడు చుక్కలున్నచో, అది మూడవ అచ్చున 1948లో పోయబడినదని లెక్క. అచ్చును 1945లో చెక్కి, ఏటేట కొత్త సంఖ్య చెక్కుటకు బదులు ఒక చుక్క చేర్చిరి. ఇట్టి పొదుపరితనమును చూచి మన గణితోపాధ్యాయులు సంతసింతురు.

న్యూజెర్సీ రాష్ట్రపు మిల్విల్ పట్టణమున మరియొక పాఠము కలదు. అక్కడి కర్మాగారము మొదట విటాల్ టేటమ్ వారిది. 1938లో ఆర్మ్‌స్ట్రాంగు వారు కొనిరి. 1969లో కెర్ వారు కొనిరి. యజమాని మారినప్పుడెల్ల గాజుపై ముద్రయు మారినది. మూడు ముద్రలు గల మూడు టోపీలను వరుసగా నిలిపినచో ఒక కొలిమి యొక్క యజమానుల చరిత్ర కిటికీలో నిలిచియుండును.

ఆకారములను గుర్తించుటకు సేకరించువారు ఒక సంఖ్యాక్రమము నేర్పరచుకొనిరి. టెక్సాసునకు చెందిన ఎన్. ఆర్. వుడ్‌వర్డ్ ఒక్కొక్క రూపమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చెను, వానిని సి.డి. సంఖ్యలందురు. కర్మాగారమేదైనను రూప మొకటియైనచో సంఖ్య యొకటే. హెమింగ్రే వారు నలువదిరెండవ సంఖ్య యనినదియు, విటాల్ టేటమ్ వారు ఒకటవ సంఖ్య యనినదియు రెండును సి.డి. 154. తేనెపట్టువలె గుండ్రముగా నుండునది సి.డి. 145. తల మీద రెండు చెవులతో నుండు సి.డి. 257ను చిత్రకథలలోని ఎలుక పేరిట మిక్కీమౌస్ అని ముద్దుగా పిలుతురు. 1969లో "క్రౌన్ జ్యూయెల్స్ ఆఫ్ ది వైర్" అను పత్రికయు, 1973లో జాతీయ ఇన్సులేటరు సంఘమును వెలసినవి. ఊరూర సేకర్తలు కూడి పరస్పరము చూపుకొను సభలు నేటికిని జరుగుచున్నవి. క్రొత్తగా నేర్చువానికి ఇట్టి సభ యొక దినపు పాఠశాల.

ఇక వెదకుట యెక్కడ? మొదటిది పాతవస్తువుల అంగడి. అక్కడ అద్దాల బీరువాలో నున్నవానికి ధర యెక్కువ; మూలనున్న చెక్కపెట్టెలో ధూళి పట్టియున్నవానికి తక్కువ. తెలిసినవాడు రెండింటిని చూచును గాని పెట్టె యొద్దనే యెక్కువ సేపు నిలుచును. రెండవది సంత. టెక్సాసులోని కాంటన్ పట్టణమున ప్రతి నెల మొదటి సోమవారమునకు ముందు నాలుగు దినములు గొప్ప సంత జరుగును. కాలిఫోర్నియాలోని పాసడీనాలో రోజ్‌బౌల్ మైదానమున ప్రతి నెల రెండవ ఆదివారము జరుగును. మసాచుసెట్సులోని బ్రిమ్‌ఫీల్డున మే, జూలై, సెప్టెంబరు నెలలలో పాతసామానుల జాతర సాగును. మూడవది ఇంటి ముంగిటి అమ్మకము. 1987 నుండి ప్రతి ఆగస్టున 127వ నంబరు రాజమార్గము వెంట, మిషిగను మొదలు అలబామా వరకు, వందలాది మైళ్ల పొడవున ఇండ్లవారు తమ సామానులను ముంగిట పరచి అమ్ముదురు. నాలుగవది వేలము. వృద్ధులైన వ్యవసాయదారులు గతించినప్పుడు కొట్టములోని వస్తువులన్నియు పాట పెట్టబడును. ఒక్కొక్కప్పుడు మేకుల డబ్బా, త్రాళ్లు, గాజు టోపీలు అన్నియు కలిసి ఒకే పాటలో పోవును.

కొట్టములలోనికి ఇవి యెట్లు వచ్చెనో తెలిసికొన్నచో వెదకుట సులభమగును. పగిలిన టోపీని మార్చునప్పుడు పనివాడు ప్రాతదానిని స్తంభము మొదట పారవైచెడివాడు. మార్గము నెత్తివేయునప్పుడు రాగితీగకు విలువ గలదు గనుక దానిని తీసికొనిపోయి, గాజును వదలివేసెడివారు. చుట్టుప్రక్కల రైతులు దానిని తెచ్చి విద్యుత్కంచెలకు వాడుకొనిరి. తలుపులు మూసికొనకుండ అడ్డుపెట్టిరి. పిల్లల కాటవస్తువులుగా నిచ్చిరి. కాబట్టి రైలుమార్గములు ముందుగా పడిన ప్రాంతములలోని పల్లె అమ్మకములు పట్టణపు అంగళ్లకంటె ఫలవంతములు.

చేత పట్టినప్పుడు చూడవలసినవి వరుసగా చెప్పెదము. ముందుగా అనుమతి యడిగి, రెండు చేతులతో నెత్తవలెను. లోపలి మరచుట్లను చూడవలెను. అక్షరములను చదువవలెను, ధూళి నిండియున్నచో ఏటవాలు వెలుగున పట్టినచో తెలియును. అంచు చుట్టును వ్రేలికొన మెల్లగా త్రిప్పవలెను. కన్ను చూడని పెచ్చును వ్రేలు చెప్పును. అయితే పగిలిన గాజు కోయును గనుక చిన్నపిల్లలు ఈ పని చేయరాదు. బొడిపెలలో ఎన్ని విరిగినవో లెక్కింపవలెను. పిమ్మట ఆకాశపు వెలుగున కెత్తి లోపలి బీటలను చూడవలెను. గాజులో బుడగలున్నచో దోషమని తలపవలదు, అవి పోతనాటివి. బీట మాత్రము ధరను సగమునకు మించి తగ్గించును.

అన్నింటికంటె మనుష్యులను మురిపించునది రంగు; మోసము దాగునదియు అందే. ఇసుకలో సహజముగా నుండు ఇనుము వలన సామాన్యపు గాజునకు లేత నీలాకుపచ్చ వచ్చును. కావున ఆ రంగు టోపీలే యెక్కువ. ఇనుము స్థితిని బట్టియు పాళ్లను బట్టియు పసిమి కలసిన ఆకుపచ్చయు కలుగును. కోబాల్టు చేర్చిన ముదురు నీలము అరుదు. గాజును తెల్లగా చేయుటకు మాంగనీసు చేర్చెడివారు. అట్టి గాజు ఏండ్లతరబడి యెండలో నున్నచో సూర్యకిరణములలోని అతినీలలోహిత భాగము వలన మాంగనీసు మార్పుచెంది క్రమముగా ఊదావన్నె వచ్చును. స్తంభముపై నలువది వేసవులు గడపిన టోపీకి ఆ వన్నె సూర్యుడిచ్చిన కానుక.

అయితే సూర్యుడు నలువది యేండ్లు చేసిన పనిని యంత్రము కొన్ని గంటలలో చేయగలదు. ఎక్స్‌రేలవంటి తీవ్రకిరణములను తెల్లని గాజుపై ప్రసరింపజేసినచో ముదురు ఊదా గాని గోధుమవన్నె గాని వచ్చును. ఒక డాలరు టోపీ ఇట్లు రంగు మారి నలుబది డాలర్ల చీటీతో బల్ల యెక్కుట కలదు. మరికొందరు పైన పలుచని రంగుపూత పూయుదురు. ఇంకను కొందరు చుట్లు లేని పాత నమూనాలను క్రొత్తగా పోసి, మట్టిలో పొరలించి అమ్ముదురు.

వీనిని కనుగొనుటకు మంత్రము లేదు. సాక్ష్యములను ఒకదానితో నొకటి సరిపోల్చుటయే యుపాయము. పూత యైనచో మరచుట్ల లోతులలో గాని అంచు క్రింద గాని వెలితి కనబడును. అరుగుదల గల చోట లోపలి గాజు బయటపడును. క్రొత్త పోతయైనచో మెడ వద్ద తీగ ఒరసిన గుర్తు లుండవు. అంచులు వింత మెరుగుతో నుండును. కిరణములచే మారినదైనచో కన్ను ఒక్కటే చాలదు. ఆ కర్మాగారము, ఆ అచ్చు, ఆ కాలపు గాజునకు అట్టి రంగు ఎప్పుడైన తెలిసినదా యని గ్రంథములను, అనుభవశాలులను అడుగవలెను. ఎవరికిని తెలియని రంగు సంతబల్లపై హఠాత్తుగా, అదియు నాలుగైదు ఒకే తీరున, కనబడినచో సంశయింపవలెను. అక్షరములు ఒక మాట, రంగు వేరొక మాట చెప్పినప్పుడు అక్షరములనే నమ్ముడు. అచ్చులో పడిన అక్షరమును మార్చుట కష్టము. రంగును మార్చుట తేలిక.

ధరల సంగతి కొంత చెప్పక తప్పదు. సుమారు నాలుగంగుళముల యెత్తుండు హెమింగ్రే-42 కోట్లలో పోయబడినది గనుక నేటికిని కొద్ది డాలర్లకు దొరకును. దానిపై పాతదను మాట తప్ప అరుదు అను మాట చెల్లదు. పాతదనమును, అరుదుదనమును వేరుగా నెంచుటయే కొనువాని మొదటి వివేకము. నూరేండ్ల వస్తువు సామాన్యమై యుండవచ్చును. దానితోటిదే యొకటి కొలిమిలో రంగు మారు వేళ అడుగు బొడుగు గాజుతో పోయబడి అరుదై యుండవచ్చును. రెండును ఒకే పెట్టెలో ఒకే ధరకు పడియుండుట చేతనే ఈ వేటలో ఉత్సాహము కలుగుచున్నది.

ఇట్టి పెట్టె యొద్దనే రెండవ పాఠము మొదలగును. వ్యాపారి తన వస్తువునకు తానే ధర నిర్ణయించి చీటీ యంటించినప్పుడు, ఆ ధర నిచ్చి కొనుటలో దోషము లేదు. అతడు దినమెల్ల అదే వృత్తిలో నున్నవాడు. తెలిసికొనుట అతని విధి. కాని భర్తను కోల్పోయిన ముదుసలి యొకతె ముంగిట బల్ల వేసికొని, ఒక నీలపు టోపీని చూపి "నాయనా, ఇది యేమి చేయును?" అని యడిగినప్పుడు సంగతి వేరు. ఆమె అమ్మునది వస్తువును మాత్రమే కాదు. మన మాటపై నమ్మకమును కూడ మన ముందుంచుచున్నది. అప్పుడు తెలిసియు "ఏమియు చేయదమ్మా" అని రెండు డాలర్లిచ్చి తెచ్చుకొన్నవాని కిటికీలో ఆ గాజు ఎంత వెలిగినను అది దొంగసొత్తునకు తోబుట్టువే. కొనునప్పుడు వస్తువును చులుకనచేసి పలికి, ఇల్లు చేరి దానిని గూర్చి గొప్పలు చెప్పుకొనుట మిక్కిలి ప్రాచీనమైన దోషము. అడిగినవారికి నిజము చెప్పి, తగిన ధర నిచ్చుటకు శక్తి లేనిచో, దానిని కొనగల మంచివారి నెరిగించి రావలెను. అమ్మువేళను ఇదే న్యాయము. రంగు మార్చిన గాజని తెలిసినచో ఆ మాట చీటీపై వ్రాసియే అమ్మవలెను. ఇట్టి నియమము పాటింపబడని చోట నిజమైన ఊదావన్నె గాజును కూడ జనులు సంశయింతురు. ఒకని అబద్ధము పదుగురి సత్యమునకు విలువ తగ్గించును.

మరియొక హెచ్చరిక కలదు. స్తంభముపై నున్న టోపీ స్తంభపు యజమానిది. మార్గము పాడుపడినట్లు కనబడినను దానిలో విద్యుత్తు ఉండవచ్చును. కొయ్య లోపల పుచ్చియుండవచ్చును. రైలుపట్టాల వెంట అనుమతి లేక తిరుగుట నేరము, ప్రాణాపాయము కూడ. స్తంభమెక్కుట గాని, రాళ్లు విసరి గాజును పగులగొట్టుట గాని మన పిల్లలు ఎన్నడును చేయరాదు. వెదకుట యనగా బల్లల యొద్దను, పెట్టెల యొద్దను, అనుమతి నిచ్చిన పొలముల యొద్దను మాత్రమే.

ఇంటికి తెచ్చిన గాజును గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెత్తని కుంచెతో తోమవలెను. చల్లని గాజును సలసల కాగిన నీటిలో వేసినచో పగులును. రైలు ఇంజనుల మసి పట్టినవానిని కొందరు ఆక్సాలిక్ ఆమ్లముతో శుభ్రపరతురు గాని అది విషము. పిల్లలు దానిని ముట్టరాదు, పెద్దలు కూడ చేతితొడుగులు లేక ముట్టరాదు. తరువాత ఒక పుస్తకమున నాలుగు గడులు గీసి, గాజుపై నున్న అక్షరములు, రూపసంఖ్య, కొన్న చోటు, అమ్మినవారు చెప్పిన కథ వ్రాసికొనవలెను. ఏ పొలములో దొరకెనో, ఏ మార్గపు స్తంభము నుండి దిగెనో వ్రాసియున్న సామాన్యపు గాజు, ఏమియు తెలియని అరుదైన గాజుకంటె ఒక్కొక్కప్పుడు ఎక్కువ బోధించును.

మన యూళ్లలో గాజు టోపీలు దొరకుట అరుదు గాని పాత ఇనుపసామానుల అంగళ్లలో తంతివారి పింగాణీ గిన్నెలు అప్పుడప్పుడు కనబడును. వానిపై కూడ కర్మాగారపు ముద్రలు ఉండుట కలదు. అట్టిది చేత పడినప్పుడు విద్యార్థులు దానిని బోర్లించి, ముద్రను చదివి, లోపలి పొడిభాగము ఎంత లోతున నున్నదో కొలిచి, అంగడివానిని "ఇది యెక్కడినుండి వచ్చినది?" అని యడిగి, ఆ యుత్తరమును వ్రాసికొని రావలెను. భౌతికశాస్త్ర తరగతిలో వాహకములను, అధమవాహకములను గూర్చి చదివిన పుట ఆనాడు చేతిలో బరువుగా నిలుచును.